తనను తాను కట్టుకునే టీకా

ప్రొటీన్ ముక్కలు వాటంతటవే కూడుకుని నానో రేణువులయ్యే విద్య హైదరాబాద్‌లో చవకైంది, తిరుపతి అవిసె చెట్టు దగ్గర కొత్త దారి పట్టింది. ఆ విద్యతో పుట్టిన మలేరియా టీకా ఉక్కు నగరం పక్కనున్న అడవి పల్లెలకు మాత్రం ఇంకా చేరలేదు

జంషెడ్‌పూర్‌లో ఏదీ దానంతటది తయారవదు. నోవాముండి గనుల్లో తవ్విన ఇనుప ఖనిజం రైలెక్కి రావాలి, బ్లాస్ట్ ఫర్నేసులో కరగాలి, రోలింగ్ మిల్లులో సాగాలి. క్రేన్ ఎత్తాలి, వెల్డర్ అతకాలి. వందేళ్లకు పైగా ఈ ఊరికి తెలిసిన విద్య అదే. శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు నుంచి బతుకుదెరువు కోసం వచ్చి ఇక్కడే స్థిరపడిపోయిన తెలుగు కుటుంబాలకు అన్నం పెట్టిందీ అదే. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం ఆ వలసకు గుర్తు.

అయితే ఖనిజం వచ్చే దారిలోనే ఓ జ్వరం కూడా కాపురముంది. నగరం దాటి డుమరియా, ముసాబని వైపు వెళ్లినా, పశ్చిమ సింగ్భూమ్‌లో చాయిబాసా మీదుగా సారండా సాల వనాల్లోకి వెళ్లినా వానాకాలం వెంట మలేరియా వస్తుంది. ఫాల్సిపరం రకం పరాన్నజీవి మెదడుకు సోకిందంటే పసిపిల్లల విషయంలో లెక్కపెట్టాల్సింది రోజులు కాదు, గంటలు. ఉత్తరాంధ్ర నుంచి వచ్చినవారికి ఇది తెలియని జబ్బేమీ కాదు. పాడేరు, సీతంపేట కొండల్లో దీన్ని తరతరాలుగా మన్యం జ్వరమంటారు.

ఈ జ్వరానికి ఇప్పుడు టీకా ఉంది. ఒకటి కాదు, రెండు. రెండింటిలోనూ కీలకమైన వస్తువు ఒకటే: ఎవరూ అతకకుండా, ఏ యంత్రమూ పేర్చకుండా ప్రొటీన్ ముక్కలు తమంతట తాము కూడుకుని కట్టుకున్న నానో రేణువు. ఆ రేణువును చవగ్గా తయారుచేయొచ్చని దేశంలో మొదట నిరూపించింది తెలుగువాళ్లే. ఇప్పుడు ఆఫ్రికాలో లక్షలాది పిల్లలకు ఆ టీకాలు వేస్తున్నారు. సింగ్భూమ్ పిల్లలకు మాత్రం ఇంకా అందలేదు.

అతుకు లేని కూర్పు

ప్రొటీన్ అంటే ఓ పొడవాటి దండ. అందులో పూసలు అమైనో ఆమ్లాలు. కొన్ని పూసలకు నీళ్లంటే ఇష్టం, కొన్నింటికి గిట్టదు. కణంలోని నీటిలో పడగానే నీళ్లు గిట్టని పూసలన్నీ లోపలికి దూరి దాక్కుంటాయి, దండ ముడుచుకుని ఓ ప్రత్యేక ఆకారానికి వస్తుంది. కొన్ని ప్రొటీన్లలో ఈ పని అక్కడితో ఆగదు. ముడుచుకున్న తర్వాత కూడా వాటి పక్క భాగాల్లో నీళ్లు గిట్టని మచ్చలు మిగిలిపోతాయి. అలాంటి మరో ప్రొటీన్ తారసపడితే ఆ రెండు మచ్చలూ ఒకదానికొకటి అతుక్కుంటాయి. మిరియాల చారు మీద విడివిడిగా తేలే నూనె చుక్కలు దగ్గరికి రాగానే కలిసిపోయినట్లే ఇది. తేడా ఏమిటంటే ఇక్కడ కలయిక అడ్డదిడ్డంగా ఉండదు. పక్క ముక్క ఏ కోణంలో కూర్చోవాలో ఆకారమే నిర్ణయిస్తుంది. అలా పదులు, వందల ముక్కలు చేరి గుండ్రటి గుల్ల తయారవుతుంది.

ఈ విద్యలో ఆరితేరినవి వైరస్‌లు. తమ జన్యు పదార్థాన్ని దాచుకోవడానికి అవి కట్టుకునే పెట్టె ఇలాంటిదే. లోపలి జన్యు పదార్థం లేకుండా పెట్టెను మాత్రమే తయారుచేయగలిగితే దానివల్ల జబ్బు రాదు. కానీ చూడటానికి అచ్చం వైరస్‌లాగే ఉంటుంది కాబట్టి శరీరం ఉలిక్కిపడుతుంది.

ఆ ఉలికిపాటే టీకాకు కావలసింది. విడి ప్రొటీన్ ఒక్కటే ఒంట్లోకి వస్తే రోగనిరోధక వ్యవస్థ పెద్దగా పట్టించుకోదు. ఒకే గుర్తు ఓ గుండ్రటి తలం మీద పదేపదే, ఒకే దూరంలో కనిపిస్తే మాత్రం అది సూక్ష్మజీవే అయివుంటుందని లెక్క వేసుకుంటుంది. యాంటీబాడీలు తయారుచేసే బి కణాల మీదున్న గ్రాహకాలు ఒకేసారి అనేకచోట్ల ఆ రేణువును పట్టుకుంటాయి, ప్రతిస్పందన బలంగా ఉంటుంది. రేణువు పరిమాణం కూడా లింఫ్ గ్రంథులకు సులువుగా చేరేందుకు అనుకూలమే.

హైదరాబాద్ చేసిన పని

మొదట అందరూ చేసింది ప్రకృతి దగ్గరున్న రేణువును ఉన్నదున్నట్లు అరువు తెచ్చుకోవడం. హెపటైటిస్ బి వైరస్ పైపొర ప్రొటీన్‌కు విచిత్రమైన గుణం ఉంది. అది కొవ్వు అణువులను కలుపుకుని 22 నానోమీటర్ల రేణువులుగా కూడుకుంటుంది. అలాంటివి తల వెంట్రుక మందంలో పక్కపక్కన పేరిస్తే మూడు వేలకు పైగా పడతాయి. 1960లలో బరూక్ బ్లంబర్గ్ ఈ ప్రొటీన్‌ను మనుషుల రక్తంలో కనుగొన్నారు. 1976లో ఆయనకు నోబెల్ వచ్చింది. తొలి టీకాను రోగుల రక్తం నుంచే వడగట్టారు. 1986లో అమెరికాలో ఈస్ట్‌తో చేసిన టీకాకు అనుమతి లభించింది. ఆ ప్రొటీన్ జన్యువును ఈస్ట్ కణంలో పెడితే చాలు, మిగతా పనంతా ఈస్ట్, ప్రొటీన్ చూసుకుంటాయి.

కానీ అప్పట్లో మన దేశానికి దిగుమతయ్యే ఆ టీకా డోసు ధర వందల రూపాయల్లో ఉండేది. నెల్లూరు జిల్లా నుంచి వచ్చిన ఎలక్ట్రానిక్స్ ఇంజనీర్ కె.ఐ. వరప్రసాద రెడ్డి 1990ల మొదట్లో జెనీవాలో ఓ సదస్సుకు వెళ్లి ఈ జబ్బు గురించి తెలుసుకున్నారు. టెక్నాలజీ ఇమ్మని అడిగితే విదేశీ కంపెనీ నుంచి అవమానకరమైన జవాబే వచ్చిందని ఆయన తర్వాత పలుమార్లు చెప్పుకున్నారు. జీవశాస్త్రం చదవని ఆ మనిషి 1993లో తల్లి పేరుతో శాంతా బయోటెక్నిక్స్ పెట్టారు. ఒమన్ విదేశాంగ మంత్రి యూసుఫ్ బిన్ అలావీ పెట్టుబడి పెట్టారు. తొలి పరిశోధనలు ఉస్మానియా యూనివర్సిటీలో, ఆ తర్వాత సీసీఎంబీలో సాగాయి.

1997 ఆగస్టులో శాన్‌వాక్-బి మార్కెట్లోకి వచ్చింది. పునస్సంయోజిత డీఎన్‌ఏ పద్ధతిలో మన దేశంలో తయారైన తొలి టీకా అదే. పికియా పాస్టోరిస్ అనే ఈస్ట్‌తో తయారుచేసిన ఆ టీకా డోసు ధర 50 రూపాయలు. పోటీదారులూ ధరలు దించక తప్పలేదు. 2002లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదం లభించింది. అదే ఏడాది ప్రభుత్వం హెపటైటిస్ బి టీకాను పిల్లల కార్యక్రమంలో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టింది. 2011 నాటికి దేశమంతటికీ విస్తరించింది. ఇప్పుడు సారండాలో పుట్టిన బిడ్డ కూడా ఈ టీకాకు అర్హురాలే.

ఈ లెక్కలో ఓ సంగతి గమనించాలి. అమెరికాలో ఈస్ట్ టీకా వచ్చిన 11 ఏళ్లకు గానీ అది హైదరాబాద్‌లో తయారు కాలేదు. అక్కడి నుంచి దేశంలోని పిల్లలందరికీ చేరడానికి మరో 14 ఏళ్లు పట్టింది. రేణువు కూడుకోవడానికి పట్టే సమయం నిమిషాలు, గంటల్లో ఉంటుంది.

ఆ రేణువు మీదే మలేరియా

రెండో మెట్టు, అరువు తెచ్చుకున్న రేణువును మన అవసరానికి తగ్గట్టు మార్చుకోవడం. మలేరియా టీకా పుట్టింది ఇక్కడే.

1897 ఆగస్టులో సికింద్రాబాద్ బేగంపేటలో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశారు. శాన్‌వాక్-బి రావడానికి సరిగ్గా వందేళ్ల ముందు. దోమ కుట్టినప్పుడు మన ఒంట్లోకి వచ్చే పరాన్నజీవి దశను స్పోరోజోయిట్ అంటారు. అది కాస్సేపట్లోనే కాలేయంలోకి వెళ్లి దాక్కుంటుంది. దాన్ని పట్టుకోవాలంటే ఆ కొద్ది వ్యవధిలోనే పట్టుకోవాలి. అంటే రక్తంలో యాంటీబాడీలు ముందే సిద్ధంగా, దండిగా ఉండాలి. స్పోరోజోయిట్ ఒంటినిండా కప్పుకునే ప్రొటీన్ ఒకటుంది. దాన్ని విడిగా ఇస్తే శరీరం అంతగా స్పందించలేదు.

1980ల చివర్లో, ఆ తర్వాత గ్లాక్సోతో విలీనమైన కంపెనీ శాస్త్రవేత్తలు ఓ ఉపాయం చేశారు. మలేరియా ప్రొటీన్ ముక్కను హెపటైటిస్ బి పైపొర ప్రొటీన్‌కు జన్యువు స్థాయిలోనే అతికారు. ఈస్ట్‌లో అది తయారైనప్పుడు హెపటైటిస్ భాగం అలవాటు ప్రకారం రేణువుగా కూడుకుంటుంది, మలేరియా భాగం ఆ రేణువు పైకి తేలి కనిపిస్తుంది. ఇదే ఆర్‌టీఎస్,ఎస్. ఇందులో అతికిన ప్రొటీన్ ఒక వంతైతే, మామూలు హెపటైటిస్ ప్రొటీన్ నాలుగు వంతులు. అంటే రేణువు మీద మలేరియా గుర్తులు పలచగా ఉంటాయి. ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ బృందం ఆ లోపాన్ని సవరించి రేణువంతా అతికిన ప్రొటీన్‌తోనే కట్టుకునేలా చేసింది. అది ఆర్21. పుణెలోని సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేస్తోంది.

ఆర్‌టీఎస్,ఎస్‌ను 2021 అక్టోబరులో, ఆర్21ను 2023 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసింది. ఘనా, కెన్యా, మలావీల్లో ఆర్‌టీఎస్,ఎస్‌ను 2019 నుంచి ప్రయోగాత్మకంగా వేసినప్పుడు టీకా అందిన ప్రాంతాల్లో చిన్నారుల మరణాలు 13 శాతం తగ్గాయి. 2023లో ప్రపంచవ్యాప్తంగా మలేరియా బారిన పడినవారు 26.3 కోట్లు, చనిపోయినవారు 5.97 లక్షలు. వారిలో అత్యధికులు ఆఫ్రికాలోని ఐదేళ్లలోపు పిల్లలు. అందుకే 13 శాతమనేది చిన్న సంఖ్య కాదు.

ఇందులోనూ హైదరాబాద్ వాటా పెరుగుతోంది. ఆర్‌టీఎస్,ఎస్ ప్రొటీన్ తయారీ పరిజ్ఞానాన్ని భారత్ బయోటెక్‌కు బదిలీ చేసేందుకు 2021లో ఒప్పందం కుదిరింది. టీకాకు బలమిచ్చే సహాయక మందును మాత్రం గ్లాక్సోయే సరఫరా చేస్తుంది. ధరను 2028 నాటికి ఐదు డాలర్ల లోపునకు దించుతామని రెండు కంపెనీలూ 2025లో ప్రకటించాయి.

అవిసె చెట్టు నుంచి మరో దారి

హెపటైటిస్ రేణువు ఒక్కటే దిక్కా? కాదనడానికి ఓ తెలుగు ఉదాహరణ ఉంది. దాని మూలం ఆసుపత్రిలో కాదు, పొలం గట్టు మీద దొరికింది.

తమలపాకు తోటల్లో తీగ పాకేందుకు ఆధారంగా నాటే అవిసె చెట్టు రాయలసీమవాళ్లకు పరిచయమే. తిరుపతి పరిసరాల్లో ఆ చెట్ల ఆకుల మీద పసుపు, ఆకుపచ్చ మచ్చలు తెచ్చే ఓ వైరస్‌ను శ్రీవేంకటేశ్వర యూనివర్సిటీ శాస్త్రవేత్తలు 1982లో తొలిసారి వర్ణించారు. దాని పేరు సెస్బేనియా మొజాయిక్ వైరస్. మనుషులకు దానివల్ల ఏ హానీ లేదు. బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో ఎం.ఆర్.ఎన్. మూర్తి, హెచ్.ఎస్. సావిత్రి బృందాలు దశాబ్దాల పాటు దాని మీదే పనిచేశాయి. బెంగళూరువాళ్లు ఇప్పటికీ టాటా ఇన్‌స్టిట్యూట్ అని పిలిచే ఆ సంస్థకూ జంషెడ్‌పూర్‌కూ ఊపిరి పోసిన కల ఒకరిదే. జంషెడ్జీ టాటా 1904లో కన్నుమూశారు. 1909లో ఏర్పాటైన ఆ సంస్థనూ చూడలేదు, తన పేరు పెట్టుకున్న ఉక్కు నగరాన్నీ చూడలేదు.

ఆ వైరస్ గుల్ల 180 ప్రొటీన్ ముక్కలతో, సుమారు 30 నానోమీటర్ల పరిమాణంలో ఉంటుంది. ఎక్స్‌రేల సాయంతో దాని నిర్మాణాన్ని బెంగళూరు శాస్త్రవేత్తలు 1995లో బయటపెట్టారు. ఆ ప్రొటీన్‌ను మామూలు బ్యాక్టీరియాలో తయారుచేసినా గుల్ల కట్టుకుంటుంది. ప్రొటీన్ మొదట్లో తోకలా ఉండే భాగాన్ని కత్తిరిస్తే 180కి బదులు 60 ముక్కలతోనే చిన్న గుల్ల తయారవుతుంది. అంటే కట్టడం పరిమాణాన్ని నిర్ణయించే మీట ఆ తోకలో ఉందన్నమాట. రేణువులను డిజైన్ చేయడమంటే ఇలాంటి మీటలు ఎక్కడున్నాయో పసిగట్టడమే.

2016లో సావిత్రి బృందం మరో అడుగు వేసింది. యాంటీబాడీలు గట్టి మందులే కానీ వాటికో బలహీనత ఉంది. అవి కణం గోడ దాటి లోపలికి వెళ్లలేవు. యాంటీబాడీలను పట్టి ఉంచే ఓ బ్యాక్టీరియా ప్రొటీన్ ముక్కను అవిసె వైరస్ గుల్ల మీద అతికితే, ఆ రేణువు యాంటీబాడీలను మోసుకుని కణాల లోపలికి చేరింది. పరీక్షించిన మూడు యాంటీబాడీల్లో ఒకటి గురివింద గింజలోని విషాన్ని అడ్డుకునేది, మరొకటి రొమ్ము క్యాన్సర్ చికిత్సలో వాడేది. ఇది ప్రయోగశాలలో పెంచిన కణాల మీద వచ్చిన ఫలితం మాత్రమే. మందు కావడానికి చాలా దూరం ఉంది. అయినా తిరుపతి పొలంలో ఆకులు పాడుచేసే ఓ పురుగులాంటి వైరస్ మందుబండిగా మారగలదని తేలింది.

కంప్యూటర్ గీసిన గుల్ల

మూడో మెట్టు, ప్రకృతిలో లేని రేణువును కొత్తగా గీయడం. అమెరికాలోని సియాటిల్‌లో వాషింగ్టన్ యూనివర్సిటీకి చెందిన డేవిడ్ బేకర్, నీల్ కింగ్ బృందాలు ఈ పనిలో ముందున్నాయి. ఏ పక్కకు ఏ పక్క అతకాలో కంప్యూటర్‌లో లెక్కగట్టి, ఆ ఆకారం వచ్చే అమైనో ఆమ్లాల వరుసను రాసి, దానికి తగిన జన్యువును బ్యాక్టీరియాలో పెట్టారు. 2012లో ఈ పద్ధతితో చేసిన గుల్లలు గీసిన బొమ్మకు దాదాపు అచ్చుగుద్దినట్లు వచ్చాయి. 2016లో రెండు రకాల ముక్కలతో కూడే పెద్ద గుల్లలు తయారుచేశారు. వాటిలో ఒకదానికి మూడేసి ప్రొటీన్లు కలిసిన ముక్కలు 20, ఐదేసి కలిసినవి 12 కావాలి. మొత్తం 120 ప్రొటీన్లు. రెండు ముక్కలనూ విడివిడిగా తయారుచేసి ఒకే సీసాలో కలిపితే చాలు, గుల్ల సిద్ధం.

ఆ గుల్ల మీద కరోనా వైరస్ ముల్లులోని కీలక భాగాన్ని 60 చోట్ల అతికి చేసిన టీకాకు 2022 జూన్‌లో దక్షిణ కొరియా అనుమతిచ్చింది. ఎస్‌కే బయోసైన్స్ తయారుచేసిన ఆ స్కైకోవియోన్, కంప్యూటర్‌లో డిజైన్ చేసిన ప్రొటీన్‌తో వచ్చిన తొలి ఔషధం. కానీ అది వచ్చేసరికి జనం వేరే టీకాలు వేయించుకున్నారు. అడిగేవారు తక్కువై కొద్ది నెలలకే ఉత్పత్తి ఆపేయాల్సి వచ్చింది. ప్రొటీన్ డిజైన్‌కు బేకర్ 2024లో రసాయన శాస్త్రంలో నోబెల్ అందుకున్నారు. టీకా గొప్పదైతే చాలదు, సమయానికి చేరాలని కూడా ఆ కథ చెబుతుంది.

సింగ్భూమ్ సంగతి

మళ్లీ జంషెడ్‌పూర్‌కు వద్దాం. మలేరియా టీకాలు రెండూ భారత సార్వత్రిక టీకా కార్యక్రమంలో ఇంతవరకూ లేవు. దీనికి కారణాలు లేకపోలేదు. 2015లో 11.7 లక్షలుగా నమోదైన కేసులు 2023 నాటికి 2.27 లక్షలకు దిగాయి. దోమతెరలు, అక్కడికక్కడే చేసే రక్తపరీక్షలు, ఆర్టెమిసినిన్ మాత్రలు, ఇంటింటికీ తిరిగే సహియా దీదీలు సాధించిన విజయమది. టీకా ఫాల్సిపరం మీద పనిచేస్తుంది కానీ వైవాక్స్ మీద పనిచేయదు. మన దేశంలో రెండు రకాలూ ఉన్నాయి. నాలుగు డోసులు వేయాలి, రక్షణ కాలక్రమంలో తగ్గుతుంది. ఆర్21 తుది దశ పరీక్షలు బుర్కినా ఫాసో, కెన్యా, మాలి, టాంజానియాల్లో జరిగాయి. ఏడాదంతా దోమలు కుట్టే ఆఫ్రికా పల్లెకు సరిపడే లెక్క సారండాకు సరిపడుతుందని గుడ్డిగా అనుకోలేం.

మరోవైపు వాదనకూ బలముంది. 2027 నాటికి స్థానిక కేసులు సున్నాకు తేవాలని, 2030 నాటికి మలేరియాను నిర్మూలించాలని కేంద్రం లక్ష్యంగా పెట్టుకుంది. ఎనిమిదేళ్లలో తగ్గిన కేసులు తేలిగ్గా తగ్గేవి. మిగిలినవి అడవిలో, కొండ మీద, వానాకాలంలో దారి తెగిపోయే ఊళ్లలో ఉన్నాయి. దోమతెర కింద పడుకోకుండా మహువా పూలు ఏరడానికి తెల్లవారకముందే బయల్దేరే కుటుంబాల్లో ఉన్నాయి. మాత్ర వేయాలంటే జ్వరం వచ్చాక ఎవరో ఒకరు వేళకు చేరాలి. టీకాకైతే జ్వరం రాకముందే వెళ్లొచ్చు. అలాంటి కొద్ది జిల్లాల్లో పిల్లలకు వేసి చూస్తే ఎంత మేలో తెలుస్తుంది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలిగే జిల్లాల వరుసలో పశ్చిమ సింగ్భూమ్, అల్లూరి సీతారామరాజు జిల్లా పక్కపక్కనే ఉంటాయి.

సొంత ప్రయత్నమూ సాగుతోంది. భువనేశ్వర్‌లోని ఐసీఎంఆర్ పరిశోధన కేంద్రం వేరే పద్ధతిలో, బ్యాక్టీరియాతో చేసిన అడ్‌ఫాల్సివాక్స్ టీకాను మనుషులకు సోకకుండానే కాక దోమల ద్వారా పాకకుండా కూడా ఆపాలన్న ఉద్దేశంతో రూపొందించింది. తయారీకి ముందుకు రావాలని కంపెనీలను ఐసీఎంఆర్ 2025 జులైలో ఆహ్వానించింది. మనుషుల మీద పరీక్షలు పూర్తయి మార్కెట్‌కు రావడానికి ఏళ్లు పడుతుంది.

హెపటైటిస్ బి టీకా అమెరికా నుంచి మన పల్లె దాకా రావడానికి పాతికేళ్లు తీసుకుంది. అప్పుడు టెక్నాలజీ మన దగ్గర లేదు, ధర అందుబాటులో లేదు. ఇప్పుడా సాకులు లేవు. ఆర్21 పుణెలో తయారవుతోంది, రెండోది హైదరాబాద్ కంపెనీ చేతికి వస్తోంది. డోసు ధర కొన్ని డాలర్లు. ఇక కావలసింది ఏ పిల్లలకు, ఏ ఊళ్లో, ఏ నెలలో వేస్తే ఫలితముంటుందో తేల్చే పరీక్ష, ఆ తర్వాత ఓ నిర్ణయం, రెండు నుంచి ఎనిమిది డిగ్రీల చల్లదనం చెడకుండా టీకా సీసాను సారండా దాకా మోసుకెళ్లే మనిషి. ఈస్ట్ కణంలో రేణువు దానంతటది కూడుకుంటుంది. ఈ మిగతా పనులను మాత్రం జంషెడ్‌పూర్ పద్ధతిలోనే, ఒక్కొక్కటిగా, మనుషులే అతకాలి.